మునిగిన ఓడల నిధులు – ప్రభుత్వ అనుమతులు, మదుపరుల ఆశలు

సముద్రంలో మునిగిపోయిన పాత ఓడల నుండి బంగారం, వెండి వెలికితీస్తామంటూ ప్రజల నుండి పెట్టుబడులు సేకరించే సంస్థలు అమెరికా, బ్రిటన్ తదితర దేశాలలో దశాబ్దాలుగా పనిచేస్తున్నాయి. "ప్రభుత్వ అనుమతి లభించింది" అనే వాక్యం ఈ సంస్థల ప్రకటనలలో తరచుగా కనిపిస్తుంది. ఆ వాక్యం వెలువడిన వెంటనే మదుపరులలో ఆశలు పెరగడం, పత్రికలలో కోట్ల డాలర్ల అంచనాలు రావడం పరిపాటి. అయితే ప్రభుత్వం ఇచ్చిన అనుమతి దేనికి వర్తిస్తుంది, దేనికి వర్తించదు అనే విషయాన్ని చాలామంది పరిశీలించరు. సముద్రంలో గాలించేందుకు అనుమతి వేరు, అడుగున తవ్వేందుకు అనుమతి వేరు, తీసిన వస్తువుపై యాజమాన్య హక్కు పూర్తిగా వేరు. ఈ మూడింటినీ ఒకటిగా భావించిన వారు ఏ విధంగా నష్టపోయారో, వేర్వేరుగా చూసిన వారు ఏ విధంగా లబ్ధి పొందారో కొన్ని ప్రసిద్ధ ఉదంతాల ద్వారా తెలుస్తుంది.

కలకత్తా నుండి బయలుదేరిన వెండి

ఈ విషయంలో భారతదేశంతో సంబంధం ఉన్న ఉదంతం ఎస్.ఎస్. గైర్సోప్పా అనే సరకు రవాణా ఓడది. కర్ణాటకలో శరావతి నదీ తీరాన ఉన్న గేరుసొప్ప గ్రామం పేరునే ఈ ఓడకు పెట్టారు. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీకి చెందిన ఈ ఆవిరి ఓడ 1940 డిసెంబరులో తేయాకు, దుక్క ఇనుము, వెండి దిమ్మెలతో కలకత్తా నుండి బ్రిటన్‌కు బయలుదేరింది. ఆఫ్రికా పశ్చిమ తీరంలోని ఫ్రీటౌన్ వద్ద యుద్ధకాలపు నౌకాశ్రేణిలో చేరి ప్రయాణం సాగించింది. ప్రతికూల వాతావరణంలో బొగ్గు నిల్వలు తరిగిపోవడంతో శ్రేణిని విడిచి, ఐర్లండులోని గాల్వే రేవు వైపు ఒంటరిగా మళ్లింది. 1941 ఫిబ్రవరిలో జర్మనీ జలాంతర్గామి టార్పెడో దాడికి గురై మునిగిపోయింది. ప్రాణరక్షక పడవలలో ఒకటి 13 రోజుల అనంతరం ఇంగ్లండు తీరానికి చేరినప్పటికీ, చివరకు ప్రాణాలతో మిగిలినది ఒకే ఒక్క అధికారి.

ఓడలోని వెండికి బ్రిటిష్ ప్రభుత్వం యుద్ధ ప్రమాద బీమా కల్పించి ఉన్నందున, నష్టపరిహారం చెల్లించిన పిమ్మట దానిపై హక్కు ప్రభుత్వానికి సంక్రమించింది. ఏడు దశాబ్దాల తరువాత కూడా ఈ హక్కు చెక్కుచెదరలేదు. 2010లో బ్రిటన్ రవాణా శాఖ టెండర్ల విధానంలో వెలికితీత కాంట్రాక్టును అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, టాంపా నగరానికి చెందిన ఒడిస్సీ మెరైన్ ఎక్స్‌ప్లొరేషన్ సంస్థకు అప్పగించింది. ఖర్చులు, నష్టభయం యావత్తూ సంస్థవే. ఖర్చులు పోగా మిగిలిన విలువలో 80 శాతం సంస్థకు, 20 శాతం ప్రభుత్వానికి చెందుతుంది. వెండి దొరకని పక్షంలో ప్రభుత్వం ఒక్క పౌండు కూడా చెల్లించనవసరం లేదు.

2011లో ఓడ ఆచూకీ లభించింది. అది సుమారు 4,700 మీటర్ల లోతున ఉంది. టైటానిక్ శిథిలాలు ఉన్న చోటు కంటే ఇది సుమారు వేయి మీటర్లు అధికం. 2012, 2013 సంవత్సరాలలో యాంత్రిక పరికరాల సహాయంతో మొత్తం 2,792 వెండి దిమ్మెలను పైకి తీశారు. వీటి బరువు సుమారు 32 లక్షల ఔన్సులు, అనగా దాదాపు 100 టన్నులు. వెండితో పాటు 700కు పైగా ఉత్తరాలు కూడా లభించాయి. 1940లో భారతదేశం నుండి రాసిన ఈ ఉత్తరాలు సముద్రపు అడుగున బురదలో చెక్కుచెదరకుండా ఉండడం నిపుణులను సైతం ఆశ్చర్యపరిచింది. 2018లో లండన్ తపాలా మ్యూజియం వీటిని ప్రదర్శనకు ఉంచింది. చరిత్రకారుల దృష్టిలో దిమ్మెల కంటే ఈ ఉత్తరాలే విలువైనవని చెప్పవచ్చు.

ఇంతటి సఫలమైన ఉదంతంలో సైతం మదుపరుల లెక్క అనుకున్నట్లు సాగలేదన్నది గమనార్హం. 2011 ఏప్రిల్‌లో ఔన్సు వెండి ధర 49 డాలర్ల సమీపానికి చేరింది. రెండో విడత దిమ్మెలు ఒడ్డుకు చేరిన 2013 వేసవి నాటికి అది 20 డాలర్ల పరిసరాలకు పడిపోయింది. ఓడను కనుగొన్నారు, యాజమాన్య వివాదం లేదు, ప్రభుత్వంతో లిఖితపూర్వక ఒప్పందం ఉంది, సరకు కూడా దొరికింది. అయినప్పటికీ ఆదాయం మార్కెట్ ధరపై ఆధారపడక తప్పలేదు.

ఫ్లోరిడా విధానం

నిధుల వేటకు సంబంధించిన అనుమతుల వ్యవస్థ అత్యంత విస్తృతంగా రూపుదిద్దుకున్నది ఫ్లోరిడా రాష్ట్రంలోనే. దక్షిణ అమెరికా నుండి వెండి, బంగారం తీసుకొని స్పెయిన్‌కు వెళ్లే నౌకాశ్రేణులు ఈ తీరం వెంబడి ప్రయాణించేవి. 1715 జూలై 31న సంభవించిన పెనుతుఫానులో ఒకే శ్రేణికి చెందిన 11 ఓడలు ఇక్కడ ధ్వంసమయ్యాయి.

1987 నాటి పరిత్యక్త నౌకా శిథిలాల చట్టం మేరకు, రాష్ట్ర జలాల అడుగు నేలలో కూరుకుపోయి, యజమాని విడిచిపెట్టిన ఓడలపై హక్కు అమెరికాలో ఆయా రాష్ట్రాలకు చెందుతుంది. ఫ్లోరిడాలో చారిత్రక వనరుల విభాగం అన్వేషణకు, వెలికితీతకు అనుమతులు మంజూరు చేస్తుంది. అన్వేషణ అనుమతి పొందిన సంస్థ నిర్ణీత ప్రాంతంలో అయస్కాంత పరికరాలతో సర్వే జరిపి, అక్కడ ఏమి ఉన్నదో నివేదించాలి. అనుమతి ప్రాంతానికి మాత్రమే పరిమితం. ఫలానా ఓడ అక్కడ ఉన్నదని ప్రభుత్వం ధ్రువీకరించినట్లు కాదు. వెలికితీత దశలో అర్హుడైన పురావస్తు నిపుణుని పర్యవేక్షణ తప్పనిసరి. దొరికిన వస్తువులలో 20 శాతం వరకు రాష్ట్రం తన మ్యూజియంల నిమిత్తం ఎంచుకొనవచ్చు.

ఇంతటితో అనుమతులు పూర్తి కావు. ఇసుక తవ్వేందుకు ఈ సంస్థలు పడవ వెనుక భాగంలో మోచేతి ఆకారపు పెద్ద గొట్టాలను అమర్చుతాయి. పడవ పంకా తోసే నీటి ప్రవాహం ఈ గొట్టాల ద్వారా కిందికి మళ్లి, అడుగున ఇసుకను చిమ్మి గొయ్యి ఏర్పరుస్తుంది. సముద్రపు గడ్డికి, పగడపు దిబ్బలకు దీనివలన హాని కలుగుతుంది. అందువలన పర్యావరణ శాఖ, సైనిక ఇంజనీర్ల విభాగం అనుమతులు కూడా అవసరమవుతాయి. ఒక కార్యాలయం మంజూరు చేసిన పిదప మరొక కార్యాలయంలో ఫైలు నెలల తరబడి నిలిచిపోవడం సాధారణం. సముద్రం ప్రశాంతంగా ఉండే వేసవి నెలలు గడిచిపోతే ఆ సంవత్సరానికి పని లేనట్లే. ఈ లోగా పడవ అద్దె, సిబ్బంది వేతనాలు ఆగవు. వాటిని చెల్లించేందుకు సంస్థ కొత్త షేర్లు జారీ చేస్తుంది. పాత మదుపరుల వాటా ఆ మేరకు పలచబడుతుంది.

మదుపరుల ఆశలకు మూలం మాత్రం న్యూస్ట్రా సెన్యోరా డి అటోచా అనే స్పెయిన్ ఓడ ఉదంతమే. 1622 సెప్టెంబరులో తుఫానుకు మునిగిన ఈ ఓడ కోసం మెల్ ఫిషర్ అనే వ్యక్తి 1969 నుండి గాలించారు. 1975లో ఆయన కుమారుడు, కోడలు పడవ ప్రమాదంలో మరణించారు. రాష్ట్ర ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం దొరికిన వాటిలో నాల్గవ వంతు రాష్ట్రానికి చెందవలసి ఉండగా, ఓడ శిథిలాలు రాష్ట్ర జలాలకు వెలుపల ఉన్నట్లు తేలడంతో ఆ ఒప్పందానికి ఆధారమే లేకుండా పోయింది. వివాదం అమెరికా సుప్రీంకోర్టు వరకు వెళ్లి, 1982లో ఫిషర్ సంస్థకు అనుకూలంగా తీర్పు వెలువడింది. 1985 జూలై 20న ప్రధాన నిధి బయటపడింది. పదహారు సంవత్సరాల గాలింపు, ఒక కుటుంబ విషాదం, సుదీర్ఘ వ్యాజ్యం తరువాత లభించిన ఆ ఫలితం ఆ తరువాత ఎన్నో సంస్థల కరపత్రాలలో మొదటి పేజీకి ఎక్కింది. పదహారు సంవత్సరాల మాట మాత్రం ఆ కరపత్రాలలో చిన్న అక్షరాలలోనే కనిపిస్తుంది.

పైన పేర్కొన్న 1715 నాటి ఓడల నుండి 2025లో వేయికి పైగా వెండి నాణేలు, కొన్ని బంగారు నాణేలు లభించినట్లు ప్రకటన వెలువడింది. వాటి విలువ సుమారు 10 లక్షల డాలర్లని అంచనా. ఒక్కో ఓడకు వందల కోట్ల డాలర్లు అని వినవచ్చే లెక్కల పక్కన ఈ సంఖ్యను ఉంచి చూడడం ఉపయుక్తం.

బీమా సంస్థలు తిరిగి వచ్చిన వేళ

1857 సెప్టెంబరులో కాలిఫోర్నియా బంగారంతో న్యూయార్క్ వెళుతూ ఎస్.ఎస్. సెంట్రల్ అమెరికా అనే ఓడ పెనుతుఫానులో మునిగింది. 425 మంది మరణించారు. ఒహాయో రాష్ట్రంలో ఏర్పడిన ఒక సంస్థ 161 మంది మదుపరుల నుండి 1 కోటి 27 లక్షల డాలర్లు సేకరించి, 1988లో ఓడను కనుగొన్నది. బంగారం పైకి రాగానే, 1857లో నష్టపరిహారం చెల్లించిన బీమా సంస్థలు, వాటి వారసులు తమ హక్కు కోసం న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 130 సంవత్సరాలు మౌనంగా ఉన్నంత మాత్రాన బీమా సంస్థలు హక్కు వదులుకున్నట్లు కాదని 1992లో అప్పీలు న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. తదనంతరం శ్రమకు ప్రతిఫలంగా సుమారు 90 శాతం వెలికితీసిన సంస్థకే దక్కినప్పటికీ, వ్యాజ్యాలలో సంవత్సరాలు గడిచిపోయాయి.

2000 సంవత్సరం ప్రాంతంలో బంగారంలో అధిక భాగాన్ని సుమారు 5 కోట్ల డాలర్లకు విక్రయించారు. తమకు ఏమీ ముట్టలేదంటూ మదుపరులు 2005లో దావా వేశారు. అప్పులకు, వ్యాజ్యాలకు సొమ్ము ఖర్చయిందని సంస్థ వాదించింది. 500 బంగారు నాణేల ఆచూకీ చెప్పవలసిందిగా న్యాయస్థానం ఆదేశించగా సంస్థ సారథి 2012లో అదృశ్యమై, 2015లో అరెస్టయ్యారు. సమాధానం ఇవ్వనందుకు న్యాయస్థాన ధిక్కారం కింద దాదాపు పది సంవత్సరాలు కారాగారంలో గడిపారు. ఓడ దొరికింది, బంగారం దొరికింది, న్యాయస్థానం వాటా ఖరారు చేసింది. మదుపరుని చేతికి డబ్బు అందడం మాత్రం ఈ మూడింటికీ అవతలి విషయంగానే మిగిలిపోయింది.

ఈ చేదు అనుభవం ఇతర సంస్థలకు పాఠంగా ఉపకరించింది. 2003లో అమెరికా జార్జియా తీరానికి దూరంగా ఎస్.ఎస్. రిపబ్లిక్ అనే ఓడను కనుగొన్న ఒడిస్సీ సంస్థ, హక్కు కోరిన బీమా సంస్థకు 16 లక్షల డాలర్లు చెల్లించి ముందుగానే పరిష్కారం చేసుకున్నది. 51,000కు పైగా నాణేలపై పూర్తి యాజమాన్యం పొందింది.

యుద్ధనౌకలు – సార్వభౌమ హక్కు

వ్యాపార ఓడలకు వర్తించే ఈ పరిష్కారాలు ప్రభుత్వ యుద్ధనౌకలకు వర్తించవు. ఎన్ని శతాబ్దాలు గడిచినా యుద్ధనౌక ఆ దేశపు ఆస్తిగానే పరిగణింపబడుతుంది. 1694లో జిబ్రాల్టర్ సమీపంలో మునిగిన బ్రిటిష్ యుద్ధనౌక సస్సెక్స్ విషయంలో ఒడిస్సీ సంస్థ 2002లో బ్రిటిష్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నది. తొలి 4.5 కోట్ల డాలర్లలో 80 శాతం, అటుపై 50 కోట్ల డాలర్ల వరకు 50 శాతం, ఆపైన 40 శాతం సంస్థకు చెందేలా వాటాలను ముందే ఖరారు చేశారు. ఓడ యజమాని అనుమతించినా, తీరదేశమైన స్పెయిన్‌లో ఆండలూసియా ప్రాంతీయ ప్రభుత్వం అభ్యంతరం తెలిపింది. సంప్రదింపులు సంవత్సరాల తరబడి సాగాయి. ఆ ఓడ నుండి ఒక్క నాణెం కూడా బయటకు రాలేదు. పత్రికలు మాత్రం వందల కోట్ల డాలర్ల అంచనాలను పదే పదే ప్రచురించాయి.

2007 మే నెలలో అదే సంస్థ, అట్లాంటిక్ సముద్రంలో ఒక ఓడ నుండి సుమారు 5 లక్షల నాణేలు, 17 టన్నుల మేర లభించాయని ప్రకటించింది. ఓడ పేరు వెల్లడించకుండా "బ్లాక్ స్వాన్" అనే సంకేత నామం వాడింది. షేరు ధర ఒక్కసారిగా ఎగబాకింది. నాణేలను అప్పటికే జిబ్రాల్టర్ నుండి విమానంలో ఫ్లోరిడాకు తరలించారు. స్పెయిన్ ప్రభుత్వం టాంపా న్యాయస్థానంలో దావా వేసి, అది 1804 అక్టోబరు 5న బ్రిటిష్ నౌకలతో జరిగిన పోరులో పేలిపోయిన తమ యుద్ధనౌక న్యూస్ట్రా సెన్యోరా డి లాస్ మెర్సిడెస్ అని నిరూపించింది. 2009లో జిల్లా న్యాయస్థానం, 2011లో అప్పీలు న్యాయస్థానం స్పెయిన్‌కు అనుకూలంగా తీర్పు ఇచ్చాయి. 2012 ఫిబ్రవరిలో రెండు సైనిక విమానాలలో నాణేలు స్పెయిన్ చేరాయి. గాలింపు, వెలికితీత, నాణేల శుద్ధికి పెట్టిన ఖర్చు సంస్థకు తిరిగి రాలేదు. పైగా 2013లో స్పెయిన్‌కు న్యాయ ఖర్చుల కింద సుమారు 10 లక్షల డాలర్లు చెల్లించవలసిందిగా న్యాయస్థానం ఆదేశించింది. ఆ నాణేలు లిమా టంకశాలలో ముద్రించినవంటూ పెరూ ప్రభుత్వం కూడా హక్కు కోరినప్పటికీ ఫలితం లేకపోయింది.

అనుమతి ఇచ్చిన ప్రభుత్వమే నియమాలు మార్చినప్పుడు

1708 జూన్ 8న కొలంబియాలోని కార్తహేనా సమీపంలో బ్రిటిష్ నౌకల దాడికి మునిగిన స్పెయిన్ యుద్ధనౌక సాన్ హోసే విషయంలో మరొక చిక్కు ఎదురైంది. 1980లో కొలంబియా ప్రభుత్వ అనుమతితో ఒక అమెరికా సంస్థ గాలింపు చేపట్టి, 1982లో శిథిలాల జాడను నివేదించింది. 1984లో కొలంబియా నియమాలను సవరించి, కనుగొన్న వారికి 5 శాతం ప్రతిఫలం మాత్రమే చెల్లిస్తామని పేర్కొన్నది. సంస్థ హక్కులను పొందిన సీ సెర్చ్ అర్మాడా న్యాయపోరాటం చేసింది. జాతీయ వారసత్వ సంపదగా గుర్తించని వస్తువులలో మాత్రమే సగభాగం సంస్థకు చెందుతుందని 2007లో ఆ దేశ సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. వారసత్వ సంపద ఏది అన్నది నిర్ణయించేది ప్రభుత్వమే గనుక, ఈ సగభాగం ఎంత అన్నది ఊహకే మిగిలింది.

2015లో కొలంబియా ప్రభుత్వం తానే ఓడను సుమారు 600 మీటర్ల లోతున కనుగొన్నట్లు ప్రకటించింది. అది తాము చూపిన చోటు కాదని ప్రభుత్వం, తాము చూపిన ప్రాంతమేనని సంస్థ వాదిస్తూ వచ్చాయి. 2022లో సంస్థ 1,000 కోట్ల డాలర్లు కోరుతూ అంతర్జాతీయ మధ్యవర్తిత్వాన్ని ఆశ్రయించింది. 2024లో ప్రభుత్వం ఓడ ఉన్న ప్రదేశాన్ని రక్షిత పురావస్తు ప్రాంతంగా ప్రకటించింది. 2025 నవంబరులో ఒక ఫిరంగిని, పింగాణీ పాత్రను, కొన్ని నాణేలను పరిశోధన నిమిత్తం పైకి తీశారు.

యునెస్కో 2001లో ఆమోదించిన, 2009 జనవరి నుండి అమలులోకి వచ్చిన ఒడంబడిక కూడా ఇదే దిశలో ఉంది. నూరు సంవత్సరాలకు మించి నీటిలో ఉన్న వారసత్వ వస్తువులను వ్యాపార లాభం కోసం పంచుకోరాదని, వీలైనంత వరకు ఉన్న చోటనే పరిరక్షించాలని అది నిర్దేశిస్తుంది. అమెరికా, బ్రిటన్, కొలంబియా ఇందులో చేరలేదు. స్పెయిన్ చేరింది. గైర్సోప్పా మునిగి కాంట్రాక్టు నాటికి నూరేళ్లు నిండలేదన్న విషయం ఇక్కడ గుర్తుంచుకోదగినది.

భారతదేశంలో పరిస్థితి

మన రాష్ట్రాలలో గుప్తనిధుల తవ్వకాల వార్తలు పాత్రికేయులకు కొత్త కాదు. భూమిలో దాగిన నిధి విషయంలో 1878 నాటి నిధి చట్టం మేరకు, పది రూపాయల విలువ మించితే కనుగొన్న వ్యక్తి కలెక్టరుకు తెలియజేయాలి. సముద్రంలో మునిగిన ఓడల వస్తువులు మర్చంట్ షిప్పింగ్ చట్టం పరిధిలోకి వస్తాయి. 1958 నాటి ఆ చట్టం స్థానంలో 2025లో పార్లమెంటు నూతన చట్టాన్ని ఆమోదించింది. నూరేళ్లు దాటిన వస్తువులకు 1972 నాటి పురావస్తువుల, కళాసంపద చట్టం వర్తిస్తుంది. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం వెలుపలికి తరలించడం నేరం. సముద్ర గర్భ పరిశోధన నిమిత్తం భారత పురావస్తు సర్వేక్షణ సంస్థలో 2001లో ప్రత్యేక విభాగం ఏర్పాటైంది. ఫ్లోరిడా మాదిరిగా పురావస్తువులను ప్రైవేటు మదుపరులకు వాటాలుగా పంచే పద్ధతి మన చట్టాలలో లేదు. అటువంటి వాటా ఇస్తామంటూ ఎవరైనా తీరప్రాంతాలలో పెట్టుబడులు కోరినట్లయితే, సంబంధిత అధికారులు ముందుగా అడగవలసినది ఏ చట్టం కింద అన్న ప్రశ్నే.

ప్రకటనలను చదివే తీరు

విదేశీ సంస్థలలో మదుపు చేసే అవకాశం నేడు మన మదుపరులకు కూడా ఉన్నందున, ఇటువంటి ప్రకటనలపై వార్తలు రాసే వారు కొన్ని అంశాలు గమనించవలసి ఉన్నది. ఓడ పేరు చెప్పకుండా విలువ చెప్పే ప్రకటనను సందేహించాలి. ఓడ వ్యాపార నౌకా, యుద్ధనౌకా అన్నది మొదట తేల్చుకోవాలి. మెర్సిడెస్ ఉదంతంలో వివాదం యావత్తూ ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. సరకు జాబితాలో నమోదైన బంగారం ఎంత, "నమోదు కాని దొంగ సరకు" పేరిట కలిపినది ఎంత అన్నది వేరుచేసి చూస్తే వందల కోట్ల అంచనాలు చాలావరకు కరిగిపోతాయి. నాణేల విలువను ఒక్క నాణెం వేలం ధరతో గుణించడం మరొక పొరపాటు. అరుదైనది కనుకనే ఆ నాణేనికి అంత ధర. వేలాదిగా మార్కెట్‌కు వస్తే అది అరుదైనది కాదు.

అన్నిటికంటే ముఖ్యం, పత్రికా ప్రకటనను కాక, అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థకు సమర్పించే వార్షిక నివేదికను చదవడం. నష్టభయాల గురించి అందులో చెప్పవలసిన మాటలను సంస్థలు పత్రికలకు చెప్పవు. ఒడిస్సీ సంస్థ విషయంలోనే, నిధులు లభించిన కాలంతో సహా అత్యధిక సంవత్సరాలలో నష్టాలే నమోదైనట్లు ఆ నివేదికలు తెలియజేస్తున్నాయి.

ఆ సంస్థ తదుపరి కాలంలో మునిగిన ఓడల నుండి సముద్ర గర్భ ఖనిజాల వైపు మళ్లింది. మెక్సికో తీరంలో ఫాస్ఫేటు నిక్షేపాల ప్రాజెక్టుకు ఆ దేశ పర్యావరణ శాఖ 2016లో అనుమతి నిరాకరించింది. న్యాయస్థానం పునఃపరిశీలనకు ఆదేశించినా 2018లో మరల నిరాకరించింది. ఈ వివాదంలో అంతర్జాతీయ మధ్యవర్తుల మండలి 2024 సెప్టెంబరులో సంస్థకు 3.71 కోట్ల డాలర్లు, వడ్డీ చెల్లించవలసిందిగా మెక్సికోను ఆదేశించింది.